ఒత్తు ఊపిరి

మా ఆయన ఊపిరితో ఎన్ని వందల మంది ఊపిరిని కొలిచారో నాకు తెలియదు. మా ఆయన ఊపిరిని మాత్రం ఎవరూ కొలవలేదు. ఈ మాట అన్నప్పుడల్లా మా అమ్మాయి తల దించుకుంటుంది. దాన్ని దెప్పాలని అనడం లేదు. జరిగింది అదే, చెప్పకుండా మింగితే నాకు అన్నం సహించదు.

ఆయన పేరు అంకమరావు. సన్నాయి మేళంలో ఒత్తు ఊదేవాడు. ఒత్తంటే ఈ కాలం వాళ్ళకి చెబితేగానీ తెలియదు. పెళ్ళిలోనైనా, దేవుడి ఊరేగింపులోనైనా సన్నాయి ఊదే ఆయన ముందుంటాడు, అందరి కళ్ళూ ఆయన మీదే. పక్కన ఇంకొకడు పొడుగాటి సన్నాయి పట్టుకుని ఒకే ఒక్క స్వరం ఊదుతూ కూర్చుంటాడు. అది ఒత్తు. దానికి రాగం లేదు, తాళం లేదు, శభాష్ అనేవాడు అసలే లేడు. కచేరీ మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా ఆ స్వరం తెగకూడదు, హెచ్చకూడదు, తగ్గకూడదు. మిగతావాళ్ళంతా దాన్ని పట్టుకునే నడుస్తారు.

మరి ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడంటారా? బుగ్గల్లో కాస్త గాలి దాచుకుని, దాన్ని సన్నగా వదులుతూ, ఆ సందులోనే ముక్కుతో పీల్చుకుంటాడు. చూసేవాళ్ళకి మనిషి అసలు ఊపిరే తీసుకోవడం లేదనిపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో నాకూ అలాగే అనిపించి, ఏమైపోతాడోనన్న భయంతో వీపు మీద ఒక్కటిచ్చాను. ఒత్తు తెగింది. మా మామగారు ఆ తెగిన ఒత్తుకి నాతో నెల తిరిగేదాకా మాట్లాడలేదు. ఆ ఇంట్లో అన్నం మాడినా ఊరుకుంటారు గానీ, ఒత్తు తెగితే ఊరుకోరు.

తర్వాత కరెంటు శ్రుతిపెట్టె వచ్చింది. సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దది, మీట నొక్కితే మోగుతూనే ఉంటుంది. దానికి భోజనం పెట్టక్కర్లేదు, బస్సు చార్జీ ఇవ్వక్కర్లేదు. మేళంవాళ్ళు మా ఆయన్ని పొమ్మని అనలేదు, పిలవడం మానేశారంతే. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే స్నానం చేసి, వసారాలో బాసింపట్టు వేసుకుని, ఎవరికీ అక్కర్లేని ఆ ఒక్క స్వరాన్ని ఊదుకునేవాడు.

"ఎవరి కోసమయ్యా ఆ ఊదుడు?" అని నేను కసిరితే, "నువ్వు పచ్చడి నూరతన్నావుగా, దానికి" అనేవాడు.

మా అమ్మాయి పేరు శ్రీరంజని. రాగం పేరు, ఆయనే పెట్టాడు. ఫిజిక్సులో పెద్ద చదువు చదివి, గుంటూరులో ఒక కేన్సరు ఆసుపత్రి పరిశోధన విభాగంలో చేరింది. పెళ్ళి మాటెత్తితే "యంత్రం పూర్తి కానీయమ్మా" అనేది. ఏం యంత్రమే తల్లీ అని నేను నెత్తి కొట్టుకుంటే, ఒకరోజు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని చెప్పింది.

"ఎమ్మారై అని ఉంటదిగదమ్మా, పెద్ద అయస్కాంతం. దానికి ఒంట్లో నీళ్ళే కనబడతాయి. మెదడు కనబడుద్ది, కాలేయం కనబడుద్ది. ఊపిరితిత్తులు గాలి సంచులు గదా, అందుకని నల్లగా పడిపోతాయి. లోపల గడ్డ మందుకి కరుగుతోందా, మిగతా భాగం పని చేస్తోందా, ఏదీ సరిగ్గా తెలవదు."

"సీటీ తీస్తారు గదే?"

"తీస్తారు. కానీ అన్ని కిరణాలు మాటిమాటికీ ఒంట్లోకి పంపితే ఎట్టా? పైగా ఊపిరి యాడిదాకా పోతందో అది చెప్పదు. నేను ఒక గాలి తయారు చేశా. పీలిస్తే అది పోయిన చోటల్లా మా యంత్రానికి వెలుగై కనబడుద్ది. గడ్డ అడ్డమున్న చోటికి గాలి పోదు. అక్కడ చీకటి."

వినడానికి బాగానే ఉంది. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ఆ గాలి ఒకరోజు చేసినట్టు ఇంకోరోజు రాదు. అయస్కాంతం తీరూ అంతే. ఈరోజు ఎంత వెలుగు పడితే ఆరోగ్యం, ఎంత మసకైతే జబ్బు అన్నది ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి. అందుకని ప్రతి సోమవారం ఒక ఆరోగ్యవంతుణ్ణి పడుకోబెట్టి, అతని ఊపిరికి యంత్రాన్ని సరిచేసి, వారమంతా వచ్చే రోగుల్ని దానితో పోల్చాలి. ఆ మనిషి ప్రతిసారీ ఒకేలా పీల్చాలి, ఒకేలా బిగబట్టాలి. ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లని పెట్టి చూశారు, వారం వారం తేడా వచ్చింది. యోగా మాస్టారిని పెట్టారు, ఆయనకి పడిశం పట్టింది.

ఆ ఆదివారం శ్రీరంజని ఇంటికొచ్చి, వసారాలో ఆయన ఒత్తు ఊదుతుంటే కాఫీ చల్లారిపోయేదాకా అలా చూస్తూ నిలబడింది. "నాన్నా, రేపు నాతో రా" అంది.

నేనూ వెంట వెళ్ళాను. పుస్తెలు తీస్తేగానీ అయస్కాంతం గదిలోకి రానివ్వమన్నారు. తీసేది లేదు పొమ్మన్నాను. గాజు పలక ఇవతల కుర్చీ వేశారు. ప్రభుదాసు గారని యంత్రం నడిపే ఆయన, నెమ్మదైన మనిషి, గాలి నింపిన సంచీ ఒకటి మా ఆయన నోటికి అందించి "పెద్దాయనా, సంచీ అంతా లాగెయ్యాలి, లాగి బిగబట్టాలి" అన్నాడు. సంచీ సాంతం చప్పబడిందంటే గాలంతా లోపలికి పోయినట్టు. అదే వాళ్ళ పరీక్ష. మా ఆయన లాగాడు. సంచీ చప్పబడింది. యంత్రం ఢమఢమ మోగుతున్నంతసేపూ రాయిలా పడుకున్నాడు.

తెర మీద ఆయన ఊపిరితిత్తులు కనబడ్డాయి. ఎండలో ఆరేసిన రెండు తెల్ల పంచెల్లా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. అన్నేళ్ళు ఆ మనిషి పక్కన బతికాను, లోపల అంత వెలుగుందని నాకేం తెలుసు?

మళ్ళీ తీసినా అదే బొమ్మ. మూడోసారీ అంతే. ప్రభుదాసు గారు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు, అణువంత తేడా లేదు.

"ఇహ ఇదే ప్రమాణం నాన్నా" అంది శ్రీరంజని. "అందరి ఊపిరినీ నీతో పోలుస్తాం. తేడా లేకపోతే జబ్బు లేనట్టే."

"అంటే నేను ఒత్తు, వాళ్ళు సన్నాయి."

"అంతే."

ఆయన ఆ మాటకి ఎంత పొంగిపోయాడో! దారిలో నాకు మల్లెపూలు కొన్నాడు. కొని ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు.

అప్పట్నుంచి సోమవారం వస్తే మా ఇంట్లో పెళ్ళి సందడే. ఇస్త్రీ చొక్కా, విభూతి, గుంటూరు బస్సు. ఆసుపత్రిలో అందరూ "ఒత్తు తాతగారు" అనేవాళ్ళు. ఆయన ఊపిరికి యంత్రం సర్దుకున్నాక, బయట బెంచీల మీద కూర్చున్న రోగుల్ని ఒక్కొక్కరినీ పలకరించి వచ్చేవాడు. వాళ్ళలో వీరాంజనేయులని సత్తెనపల్లి ఆయన ఉండేవాడు, ఆర్టీసీ డ్రైవరు. ఎడమ ఊపిరితిత్తిలో అడుగున, గుండె వెనకాల గడ్డ. మందులు వాడుతున్నాడు. వచ్చిన ప్రతిసారీ తెర మీద ఆ మచ్చ చిక్కిపోతూ వచ్చింది. చివరికి ఒకరోజు అసలు లేదు. యంత్రం "తేడా లేదు" అంది. డాక్టర్లు మందులు ఆపేశారు.

వీరాంజనేయులు ఆరోజు మైసూరుపాకు పొట్లం తెచ్చి, వద్దంటున్నా మా ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "తాతా, నీ ఊపిరి పెట్టి నన్ను నిలబెట్టారు. మళ్ళీ స్టీరింగు పట్టుకుంటా, మా బస్సులో నీకు ముందు సీటు" అన్నాడు. ఆయన భార్య పమిట చెంగుతో మొహం అద్దుకుంటూ నిలబడింది. ఆ మైసూరుపాకు రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది, ఉమ్మేద్దామన్నా పోదు.

మా ఆయన దగ్గు అప్పటికే మొదలైంది. మొదట్లో పొగమంచన్నాడు. మంచు కాలం పోయింది, దగ్గు పోలేదు. ఆసుపత్రి మెట్లెక్కుతూ మధ్యలో ఆగి చెప్పు సవరించుకునేవాడు. ఊడని చెప్పుని ఎన్నిసార్లు సవరిస్తారు? చొక్కా భుజాల మీంచి జారుతోంది. అన్నిటికన్నా నాకు గుబులు పుట్టించింది ఇంకొకటి. పొద్దున్నే వసారాలో కూర్చోవడం మానేశాడు. అడిగితే సన్నాయి పీక పాడైందన్నాడు.

"పాడైతే కొత్తది కట్టుకోవచ్చుగా?"

"చూద్దాంలే."

శ్రీరంజనికి ఫోన్ చేసి చెప్పాను. "మీ నాన్న చిక్కిపోతన్నాడే. దగ్గుతన్నాడు. ఒకసారి సరిగ్గా చూపించవే."

అది నవ్వింది. "అమ్మా, నాన్న ఊపిరితిత్తుల్ని వారం వారం చూస్తన్నా. ఈ రాష్ట్రంలో అంత పరీక్ష చేయించుకున్న మనిషి ఇంకొకడు లేడు. మొన్న సోమవారం కూడా తేడా లేదనే వచ్చింది."

అయస్కాంతం కన్నా నాకెక్కువ తెలుసా? తెలియదు. అయినా ఫోన్ పెట్టేసి ఆయన్ని నాలుగు తిట్టాను, ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే ఆ గుబులు తగ్గదు కాబట్టి.

ఒక ఆదివారం మధ్యాహ్నం అది ఇంటికొచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందట, వాళ్ళు సరే అంటే ఇంకా నాలుగైదు ఊళ్ళలో ఈ యంత్రాలు పెడతారట. అన్నిటికీ నాన్న ఊపిరే ప్రమాణమట. గోంగూర కలుపుకుంటూ ఇంకో మాట కూడా చెప్పింది.

"ప్రభుదాసు గారు ఒక వింత కనిపెట్టారు నాన్నా. ఈమధ్య వచ్చేవాళ్ళకి ఎడమపక్క అడుగున వెలుగు ఎక్కువ పడతంది. మా గాలి నాణ్యత పెరిగిందనుకుంటన్నాం."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "అందరికీనా?"

"దాదాపు అందరికీ."

"కుడిపక్క?"

"కుడిపక్క మామూలే. ఏం?"

"ఏం లేదు" అని ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. సగం అన్నం అలాగే ఉంది. అన్నం పారేస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఆరోజు మాత్రం తిట్టకుండా కంచం తీశాను. ఆయన వసారాలోకి వెళ్ళి, గోడకి తగిలించిన ఒత్తుసన్నాయి కేసి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు సోమవారం. ఆసుపత్రి గుమ్మంలో ఒక ఆటో ఆగి ఉంది. అందులోంచి చక్రాల కుర్చీలోకి దించుతున్నది వీరాంజనేయుల్ని. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు, తువ్వాలు మీద నెత్తురు. మమ్మల్ని చూసి చెయ్యెత్తబోయి, ఎత్తలేక వదిలేశాడు. ఆయన భార్య మా ఆయన ముందుకొచ్చి, "మొన్నటిదాకా బాగానే ఉన్నాడు తాతా, మీ మిషనే బాగుందన్నది గదా" అంది. అందులో నిష్ఠూరం లేదు, పాపం. నిజంగానే అడుగుతోంది.

సీటీ తీస్తే ఎడమ అడుగున, గుండె వెనకాల, పిడికిలంత గడ్డ. కొత్తది కాదు, పాతదే. కరగనే లేదు. శ్రీరంజని రెండు తెరలూ పక్కపక్కన పెట్టి నిలబడింది. ఒకదాంట్లో అంత గడ్డ. ఇంకోదాంట్లో, దాని సొంత యంత్రంలో, "తేడా లేదు" అన్న అక్షరాలు.

ప్రభుదాసు గారు ఏం చేయాలో తోచక, రోజూ చేసే పనే చేశాడు. మా ఆయన్ని పడుకోబెట్టి గాలి సంచీ అందించాడు. ఆయన దాన్ని చేత్తో పక్కకి నెట్టి లేచి కూర్చున్నాడు.

"వద్దు దాసుగారూ. అమ్మడిని పిలవండి."

శ్రీరంజని వచ్చింది. గది తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకన్నీ వినిపించాయి.

"ఒత్తు నేను తప్పానమ్మడూ."

"ఏంది నాన్నా?"

"సంచీ ఖాళీ అయ్యేది. కానీ గాలంతా లోపలికి పోయేది కాదు. శీతాకాలం నుంచి ఎడమపక్క తీసుకోవడం లేదు. మిగిలింది బుగ్గల్లో దాచి బిగబట్టేవాణ్ణి. బయటికి తెలవదు. మా నాయన నేర్పిందే గదా."

అది గోడకి ఆనుకుంది. "ఎందుకు నాన్నా? ఒక్క మాట చెప్తే..."

"చెప్తే నన్ను తీసేసి, మీరు కూడా ఒక పెట్టె తెచ్చుకుంటారని."

నాకు కోపం వచ్చింది, జాలి వచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. శ్రీరంజని మాత్రం అరవలేదు. మేళం ఇంట్లో పుట్టిన పిల్ల కదా, దానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. నాకే అది తర్వాత చెప్పాల్సి వచ్చింది. ఆయనకి ఎడమ అడుగున చీకటి పడింది. వారం వారం యంత్రం ఆయనకే సర్దుకుంటోంది కాబట్టి ఆ చీకటినే ఆరోగ్యం అనుకుంది. ఆయన గడ్డ పెరిగినకొద్దీ యంత్రమూ ఆయన వెంటే జరుగుతూ పోయింది. అక్కడ గడ్డ ఉన్నవాళ్ళకి తేడా లేదంది. లేనివాళ్ళకి వెలుగు ఎక్కువంది. ఒత్తు కిందికి జారితే సరిగ్గా పాడేవాళ్ళంతా హెచ్చినట్టే వినిపిస్తారు. వీరాంజనేయులి గడ్డ తెర మీద చిక్కిపోయింది ఎందుకంటే, మా ఆయన గడ్డ అదే చోట పెరిగింది.

ఆరోజే ఆయనకి సీటీ తీశారు. గడ్డ పెద్దది, పక్కలకి పాకింది, కోయడానికి లేదు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. మర్నాడు పొద్దున్నే సూది పెట్టి నీరు తీసేస్తామన్నారు, తర్వాత మందులు.

"నీరు తీసేముందు ఒక్కసారి నన్ను యంత్రంలో పెట్టండి" అన్నాడు ఆయన.

శ్రీరంజని ఉలిక్కిపడింది. అది కూడా అదే ఆలోచిస్తోందని దాని మొహం చెప్పింది, చెప్పలేక చస్తోందని కూడా. ఇన్ని నెలల్లో తేడా లేదని పంపించినవాళ్ళు వందల మంది ఉన్నారు. అందరినీ వెనక్కి పిలిచి సీటీ తీయాలంటే నెలలు పడుతుంది, ఆలోపు ఎవరికి ఏమవుతుందో. పాత బొమ్మలు భద్రంగా ఉన్నాయి. నాన్న చీకటి నిజంగా ఎంతో తెలిస్తే, దాన్ని ఆ బొమ్మల్లోంచి తీసేసి, ముందు ఎవర్ని పిలవాలో తెలుసుకోవచ్చు. కానీ అది తెలియాలంటే ఆయన ఈ ఊపిరితోనే, బుగ్గల్లో ఏమీ దాచకుండా పీల్చాలి. నీరు తీస్తే ఊపిరితిత్తి తీరే మారిపోతుంది. ఆ నీటితో వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు.

"వద్దు నాన్నా. నావల్ల కాదు."

"వీరాంజనేయులు లాంటోళ్ళు ఇంకెంతమంది ఉన్నారమ్మడూ?"

"తెలవదు."

"తెలుసుకోవాలి గదా మరి."

నేను ఊరుకోలేకపోయాను. "చాలయ్యా మీ ఇద్దరి ప్రయోగాలు! ఊపిరాడక చస్తంటే మళ్ళీ ఆ గొట్టంలోకి దూరతానంటావేంది? ముందు నీళ్ళు తీయించుకో. లోకాన్ని తర్వాత ఉద్ధరిద్దువుగాని."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అందరి ముందూ చెయ్యి పట్టుకునే మనిషి కాదు. "తులశమ్మా, ఒత్తు తెగితే సన్నాయి ఆయన ఆగుతాడు. నేను తెగనీకుండా మోసం చేశా. వాళ్ళు ఆగకుండా పోయారు. ఇప్పుడన్నా తెంచనీ."

చెయ్యి వదిలించుకుని, వెళ్ళి గాజు పలక ఇవతల నా కుర్చీలో కూర్చున్నాను.

తల కింద దిండ్లు పెట్టారు, చాల్లేదు. పడుకోగానే ఆయన ఛాతీ ఎగిరెగిరి పడింది. శ్రీరంజని మైకు దగ్గర కూర్చుంది.

"నాన్నా, పీల్చు. వచ్చినంతే పీల్చు. దాచమాక."

ఆయన లాగాడు. సంచీ కాస్త చప్పబడి ఆగిపోయింది. ఇంకా లాగాడు. కదల్లేదు. సగానికి పైగా గాలి సంచీలోనే ఉండిపోయింది. ఒక్కసారి బుగ్గలు ఉబ్బాయి, అలవాటు ఎక్కడికి పోతుంది! ఉబ్బిన బుగ్గల్ని ఆయనే వదిలేశాడు.

"బిగబట్టు నాన్నా."

యంత్రం మోగడం మొదలైంది. ఆయన గొంతు నరాలు లేచాయి. తల మీద అమర్చిన చిన్న అద్దంలోంచి పడుకున్నవాళ్ళకి మా వైపు కనిపిస్తుంది. ఆ అద్దంలో ఆయన కళ్ళు నన్ను వెతుక్కున్నాయి. పెళ్ళయిన కొత్తలో నేను వీపు మీద కొట్టినప్పుడు, ఒత్తు తెగి, మేళం అంతా ఆగి, అందరూ ఆయన కేసి చూసినప్పుడు ఎలా చూశాడో ఇప్పుడూ అలాగే చూశాడు. అంత సిగ్గు. తర్వాత ఊపిరి తెగింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ప్రభుదాసు గారు లోపలికి పరిగెత్తాడు.

ఒత్తు ఊదేవాడికి ఎవరూ శభాష్ చెప్పరని అన్నాను కదా. నేను చెప్పాను. గాజు అవతలికి వినబడదు. అందుకని పెద్ద విద్వాంసులు ఊపినట్టు తల బాగా ఊపాను, ఆయన కళ్ళు నన్ను వదిలేదాకా ఊపుతూనే ఉన్నాను.

నీరు తీశారు. మందులు ఎక్కించారు. వానాకాలం వెళ్ళకముందే ఆయన పోయాడు. వీరాంజనేయులు ఆయనకన్నా ముందే పోయాడు. మా ఆయన పెద్దకర్మ నాడు వీరాంజనేయులి భార్య మా గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, ఏడ్చి వెళ్ళిపోయింది. తిట్టిపోసినా బాగుండేది.

కమిటీ రానే లేదు. యంత్రాన్ని ఆపేశారు. మళ్ళీ నడిపితే ఒక్కరి ఊపిరి మీద నడపకూడదని, చాలామంది ఊపిరి కలిపి ప్రమాణం చేయాలని నిర్ణయించారు. అది ఎప్పటికో. ఈలోపు పాత బొమ్మల్ని సరిచేసే పని శ్రీరంజనిది. ఆయన యంత్రంలో పీల్చిన చివరి ఊపిరి నుంచి ఒక్కో వారం వెనక్కి లెక్కకట్టుకుంటూ పోవచ్చట. లెక్కలన్నీ పూర్తయ్యాయి. మీట నొక్కడమే తరువాయి. అది నొక్కడం లేదు. వారమైంది, మేడం తెర ముందు కూర్చుని లేచిపోతున్నారని ప్రభుదాసు గారు నాకు ఫోన్ చేశాడు.

వెళ్ళాను. గదిలో ఒక్కతే ఉంది. తెర మీద ఎవరిదో ఊపిరితిత్తుల బొమ్మ.

"ఎవరిదే ఇది?"

"పొన్నూరు ఆమె. టైలరు. ఇద్దరు పిల్లలు. తేడా లేదని పంపించేశాం."

"మరి చూడవే."

"చూడాలంటే నాన్నని తీసెయ్యాలమ్మా." అది చంటిపిల్లలా ఏడ్చింది. "ఇందులో నాన్న ఉన్నాడు. ప్రతి బొమ్మలో ఉన్నాడు. ఆయన ఊపిరిని తీసేస్తేగానీ వాళ్ళు కనబడరు. ఎన్ని వందల సార్లు తియ్యాలో తెలుసా?"

నేను దాని పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తెర మీద ఆయన ఎక్కడున్నాడో నాకు కనిపించలేదు. ఉన్నాడని అది చెప్పింది కాబట్టి, ఉన్నాడు.

"తీసెయ్యి" అన్నాను.

"అమ్మా..."

"ఆమెకి పిల్లలున్నారన్నావుగా. తీసెయ్యవే తల్లీ. ఆయన ఏమనుకోడు."

అది మీట నొక్కింది. బొమ్మ ఒక్కసారి మసకబారి మళ్ళీ తేరుకుంది. ఎడమపక్క అడుగున, అంతవరకూ తెల్లగా ఉన్న చోట, కందిగింజంత చీకటి తేలింది. కోసి తీసేయడానికి ఇంకా వీలున్నంత చిన్నదని శ్రీరంజని అంది. కళ్ళు తుడుచుకుని, పొన్నూరుకి ఫోన్ చేయడానికి లేచింది.